రెండు వందల బార్ల గాలి ఎటు పోతోంది?

రాత్రి నింపిపెట్టిన సిలిండర్ గేజ్ మీద ముల్లు 200 దగ్గర ఉంది. పొద్దున రేంజ్‌కి బయల్దేరుతూ చూస్తే 186. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో కంగారు మొదలవడానికి ఈ పద్నాలుగు బార్ల తేడా చాలు. రైఫిల్ జర్మనీదో ఆస్ట్రియాదో అయి ఉంటుంది, ధర లక్షల్లో. విడిభాగం రావాలంటే వారాలు, నెలలు. పోటీ చూస్తే దగ్గర పడుతుంటుంది. విజయవాడలో దీన్ని ఎవరు బాగుచేస్తారని వాకబు మొదలవుతుంది.

ఆ వాకబు కంటే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. గాలి ఎక్కడి నుంచి పోతోంది? అది తెలియకుండా రైఫిల్‌ను ఎవరి చేతిలో పెట్టినా నష్టమే. తెలిసిందంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి కావలసిన వస్తువు చాలాసార్లు మన ఆటోనగర్‌లోనే కొద్ది రూపాయలకు దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. లీకును విప్పి వెతకకూడదు, కొలిచి వెతకాలి.

కొలత ఎందుకంత ముఖ్యమో ఆట లెక్కలే చెబుతాయి. పది మీటర్ల రైఫిల్ పోటీలో లక్ష్యం మొత్తం 45.5 మిల్లీమీటర్లు. అందులో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో బయల్దేరితే, లక్ష్యం చేరేలోగా భూమ్యాకర్షణ వల్ల సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. షూటర్ సైట్లను దానికి తగ్గట్టే సరిచేసుకుంటాడు. వేగం 160కి పడిపోతే ఆ జారుడు 19 దాటుతుంది. తేడా రెండు మిల్లీమీటర్లే గాని, దశాంశాల్లో మార్కులు వేసే ఈ ఆటలో పావు మిల్లీమీటరుకు 0.1 పోతుంది. అంటే 10.9 రావలసిన షాట్ 10.0 దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1తో కాంస్యం గెలిచినప్పుడు, నాలుగో స్థానంలో మిగిలిన చైనా షూటర్ స్కోరు 700.4. పతకానికీ ఉత్త చేతులకీ మధ్య ఉన్నది 0.7.

గేజ్ తగ్గినంత మాత్రాన వేగం వెంటనే తగ్గదు. సిలిండర్‌లో 200 బార్లు ఉన్నా, రైఫిల్ లోపలున్న రెగ్యులేటర్ దాన్ని సుమారు 70 బార్లకు దించి ఒక చిన్న గదిలోకి వదులుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే సుత్తి వెళ్లి వాల్వును కొడుతుంది, వాల్వు కొద్ది మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది, ఆ గదిలోని గాలి పెల్లెట్‌ను తోస్తుంది. సిలిండర్ పీడనం రెగ్యులేటర్ అమరిక కంటే కిందికి పోయినప్పుడు, లేదా రెగ్యులేటరే సరిగా మూసుకోనప్పుడు వేగం చెదురుతుంది. కాబట్టి బయటికి పోయే లీకు వేరు, లోపల్లోపలే పాకే లీకు వేరు. రెండోదే మరింత మోసకారి. బయటికి చుక్క గాలి పోదు, బుడగ కనిపించదు, గుండ్లు మాత్రం పైకీ కిందికీ పడుతుంటాయి. కాసేపు ఆగి పేల్చిన మొదటి షాట్ మిగతావాటికంటే వేగంగా వెళుతోందంటే, ఆగిన సమయంలో రెగ్యులేటర్ దాటి గాలి గదిలోకి పాకిందని అనుమానించాలి.

ఇక 200 బార్లంటే ఎంతో ఒకసారి ఊహించుకోవాలి. కారు టైరులో రెండు బార్ల పైచిలుకు ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర మన పక్క నుంచి వెళ్లే సీఎన్‌జీ ఆటో సిలిండర్‌ను నింపేది 200 బార్లకే. రైఫిల్ సిలిండర్‌లో ఉన్నదీ అదే పీడనం. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న మూత మీద అది సుమారు 640 కిలోల బరువుతో నెడుతుంది. ఒక షాట్‌కు పెల్లెట్ మోసుకెళ్లే శక్తి ఏడున్నర జౌళ్లు. 0.2 లీటరు సిలిండర్‌లో అణిగి ఉన్న శక్తి గరిష్ఠంగా 21,000 జౌళ్ల దాకా ఉంటుంది. ఆటోకు బిగించిన సీఎన్‌జీ సిలిండర్‌ను మూడేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్ష చేయించాలని మన దేశంలో నియమం ఉండడం ఊరికే కాదు.

ఇప్పుడు ఆ పద్నాలుగు బార్ల సంగతి. అసలది లీకేనా?

గాలిని వేగంగా కుదించి నింపితే వేడెక్కుతుంది. నింపిన వెంటనే సిలిండర్ పట్టుకుంటే చేతికే తెలుస్తుంది. లోపలి గాలి 50 డిగ్రీలున్నప్పుడు గేజ్ 200 చూపించి, రాత్రంతా 27 డిగ్రీల గదిలో చల్లారిందనుకుందాం. ఇంటర్‌లో చదివిన వాయు సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. కెల్విన్ లెక్కలో 323 నుంచి 300కి దిగింది కాబట్టి పీడనం 200 నుంచి సుమారు 186కి దిగుతుంది. సరిగ్గా మనకు కనిపించిన అంకె. ఒక్క అణువు కూడా బయటికి పోలేదు. విజయవాడ ఎండల్లో ఇది రెండో వైపు నుంచీ దెబ్బ కొడుతుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 200 నింపిన సిలిండర్‌ను రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలైనప్పుడు పీడనం 224కి చేరుతుంది. అది సిలిండర్ మీద ముద్రించిన పరిమితి దాటడం. కారులో వదలకండి.

అందుకే మొదటి కొలత ఇలా ఉండాలి. నింపాక గంటా రెండు గంటలు చల్లారనివ్వాలి. అప్పుడు గేజ్ అంకె, గది ఉష్ణోగ్రత, సమయం ఒక చీటీ మీద రాసి సిలిండర్‌కు అంటించాలి. మర్నాడు అదే వేళకు, అదే గదిలో మళ్లీ చూడాలి. చిన్న గేజ్‌ల మీద ఐదు బార్లకు తక్కువ తేడాను నమ్మలేం కాబట్టి మూడు నాలుగు రోజులు ఆగడం మంచిది. అంకె కదలకపోతే లీకు లేదు. నిజంగా దిగుతోందంటే రెండో అంచెకు వెళ్లాలి. పోటీ రైఫిళ్ల సిలిండర్ మర తిప్పి ఊడదీసేలా ఉంటుంది, దాని గేజ్ దానికే ఉంటుంది. ఊడదీసి విడిగా పెట్టండి. విడిగా ఉన్నప్పుడూ తగ్గితే లోపం సిలిండర్ తలలో, అంటే దాని వాల్వులోనో గేజ్ కూర్చునే చోటనో ఉంది. రైఫిల్‌కు బిగించినప్పుడే తగ్గితే సిలిండర్ నిర్దోషి, లోపం రైఫిల్‌లో. ఒక్క స్పానర్ పట్టుకోకుండా సగం రైఫిల్‌ను అనుమానితుల జాబితాలోంచి తీసేశాం.

తర్వాత సబ్బు నీళ్లు. పంచరు షాపు పద్ధతే గాని ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. 0.2 లీటరు సిలిండర్ వారంలో పది బార్లు పోగొట్టుకుంటోందంటే బయటికి పోయిన గాలి రెండు లీటర్లు. నిమిషానికి 0.2 మిల్లీలీటరు. మూడు మిల్లీమీటర్ల బుడగలైతే నిమిషానికి పద్నాలుగు, అంటే నాలుగైదు సెకన్లకొకటి. అదే పది బార్లు నెల రోజుల్లో పోతుంటే నిమిషానికి మూడు బుడగలే. ఒక్క క్షణం చూసి ఏమీ లేదని తుడిచేస్తే దొరకదు. సన్న కుంచెతో చిక్కటి సబ్బు నీరు అతుకు చుట్టూ రాసి, వెలుతురులో ఐదు నిమిషాలు కళ్లు తిప్పకుండా చూడాలి. తెల్లటి నురుగు మీసంలా పేరుకున్న చోటే లీకు. విడదీసిన సిలిండర్‌నైనా సరే, గేజ్ దాకా నీళ్లలో ముంచవద్దు. రైఫిల్‌ను అసలే ముంచవద్దు.

గొట్టం చివర నుంచి గాలి పోతోందేమో చూడడానికి పెల్లెట్ లేదని రెండుసార్లు సరిచూసుకుని, గొట్టం మూతికి పిల్లల బెలూన్ తొడిగి కొన్ని గంటలు వదిలేస్తే చాలు. అది నెమ్మదిగా ఉబ్బితే ఫైరింగ్ వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట. మొహం దగ్గర పెట్టుకుని వినే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

ఇంతా చేసి చివరికి చాలాసార్లు దొరికేది ఒక నల్లటి రబ్బరు రింగు. ఓ-రింగ్ అంటారు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్ అనే మెషినిస్టు 1937లో, తన 72వ ఏట దీని పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. లోహంలో తవ్విన గాడిలో రింగు కొద్దిగా నలిగి కూర్చుంటుంది. ఆ నలుగుడే మొదటి అడ్డు. గాలి వచ్చి నెట్టగానే రింగు గాడి అవతలి గోడకు వెళ్లి ఒత్తుకుంటుంది. ఎంత గట్టిగా నెడితే అంత గట్టిగా మూసుకుంటుంది. తప్పించుకోవాలని చూసే పీడనమే తన దారికి తానే అడ్డం పడుతుంది. అయితే ఆ మొదటి నలుగుడు పోతే రింగుకు ఊపిరి పోయినట్టే. 200 దగ్గర గట్టిగా నిలిచి, 60 దగ్గర కారిపోయే సిలిండర్ కనిపిస్తే రింగు గట్టిపడిందని అనుమానించవచ్చు.

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఏడుగురితో సహా కూలిపోయింది ఇలాంటి రింగు వల్లే. ఆ పొద్దుటి చలికి రబ్బరు బిగుసుకుపోయి సమయానికి గాడిని నింపలేకపోయింది. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగింపులో పెట్టి, ఐసు నీళ్లలో ముంచి తీసి అందరి ముందూ చూపించాడు. మన దగ్గర చలి భయం లేదు. వేడి, వయసు, గాలిలోని ఓజోన్ కలిసి ఆ పని నిదానంగా చేస్తాయి. పాత రింగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించి చూడండి. కొత్తది గుండ్రంగా జారుతుంది. పాతది ఒక పక్క చదునుగా తగులుతుంది, సాగదీస్తే పైన సన్నటి నెర్రెలు విచ్చుకుంటాయి. ఉపరితలం మీద పొక్కులు కనిపిస్తే ఎవరో సిలిండర్‌ను ఒక్కసారిగా ఖాళీ చేశారని అర్థం. అధిక పీడనంలో గాలి రబ్బరు లోపలికి కూడా ఇంకుతుంది, బయట పీడనం హఠాత్తుగా పోతే లోపలిది ఉబ్బి రబ్బరును చీలుస్తుంది. ఖాళీ చేయాలన్నా నెమ్మదిగానే.

ఇక్కడే ఆటోనగర్ అక్కరకొస్తుంది. లారీలు, ట్రాక్టర్లు, ప్రొక్లెయిన్ల హైడ్రాలిక్ సీళ్లు అమ్మే కొట్లలో ఓ-రింగులు డబ్బాల కొద్దీ ఉంటాయి. అక్కడికి పాత రింగు పట్టుకెళ్లి "ఇలాంటిది ఇవ్వండి" అనడం మాత్రం సరిపోదు. నలిగిన రింగు తన అసలు కొలత చెప్పదు. పైగా మార్కెట్లో మూడు సంప్రదాయాల రింగులు కలిసి తిరుగుతుంటాయి. జపాన్ కొలతలో మందం 2.4 మిల్లీమీటర్లు, మెట్రిక్‌లో 2.5, అంగుళాల లెక్కలో 2.62. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. రింగు గాడిలో నలగవలసినది మందంలో ఆరోవంతో ఐదోవంతో మాత్రమే కాబట్టి, 2.62 ఉండవలసిన చోట 2.4 వేస్తే ఆ నలుగుడులో దాదాపు సగం పోతుంది. రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలోని విడిభాగాల పట్టిక చూసి లోపలి వ్యాసం, మందం, గట్టిదనం మూడూ రాసుకెళ్లాలి. షోర్ 70, షోర్ 90 అని చెబితే సీళ్ల కొట్టు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రబ్బరు రకం నైట్రైల్ అయితే చాలావరకు సరిపోతుంది, కంపెనీ వేరేది రాస్తే అదే వేయాలి. పట్టిక లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో గాడిని కొలిపించండి, రింగును కాదు. లేత్ దగ్గర పనిచేసే టర్నర్‌కు అది నిమిషం పని.

ఆ మేస్త్రీల నేర్పు మీద నాకు ఎంతో గౌరవం. ప్రొక్లెయిన్ పంపులో మూడు వందల బార్ల పైన ఉండే ఆయిల్‌ను అదుపు చేసే సీళ్లు వాళ్లు రోజూ మారుస్తారు. కానీ ఒక తేడా వాళ్లకూ చెప్పాలి. ఆయిల్ దాదాపు కుదించుకోదు. మర కొంచెం వదులైతే నాలుగు చుక్కలు చిమ్మి పీడనం పడిపోతుంది. గాలి అలా కాదు, కుదించిన గాలి రెండు వందల రెట్లు వ్యాకోచించేదాకా నెడుతూనే ఉంటుంది. సిలిండర్ల బలాన్ని గాలితో కాకుండా నీళ్లతో పరీక్షించేది కూడా అందుకే. ఆయిల్ పనిలో చేసినట్టు, పీడనం ఉండగా మర "ఒక్క పావు చుట్టు" తిప్పి చూడడం రైఫిల్ దగ్గర ప్రాణాంతకం. సిలిండర్ విడదీసి, లోపల మిగిలిన గాలి కూడా వదిలేశాకే విప్పాలి.

రింగు మార్చినా మూడు నెలలకే మళ్లీ లీకు మొదలైతే? కృష్ణా డెల్టాలో దానికి నేను మొదట అనుమానించేది నీటిని. ముప్పై డిగ్రీల గాలి ఘనపు మీటరుకు గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరి పట్టుకుంటుంది. కాలవల మధ్య, వరి మళ్ల మధ్య, సముద్రం ఆ పక్కనే ఉన్న మనకు వానాకాలంలో తేమ 80 శాతం మామూలే. అంటే ఘనపు మీటరుకు 24 గ్రాములు. మన 0.2 లీటరు సిలిండర్ 200 బార్లకు నిండాలంటే బయటి గాలి 40 లీటర్లు కావాలి. అందులో ఉన్న నీరు దాదాపు ఒక గ్రాము. కుదించాక ఆ 0.2 లీటరులో ఆవిరిగా నిలవగలిగినది ఆరు మిల్లీగ్రాములే. మిగతాదంతా నీళ్లయి తీరాలి. మంచి కంప్రెసర్‌లో అది ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది. చేతి పంపుతో ఆదరాబాదరా నింపితే కొంత భాగం సిలిండర్‌లోకి చేరుతుంది. నింపిన ప్రతిసారీ అంతే. ఆ నీరు ఉక్కునైతే తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియంనైతే తెల్లటి పొడిగా రాలుస్తుంది. ఆ రేణువు గాలితో పాటు వెళ్లి వాల్వు పీట మీద కూర్చుంటుంది, సుత్తి దెబ్బకు గీత పడుతుంది. గీత పడ్డ వాల్వును రింగులు కాపాడలేవు. పంపు దగ్గర తేమ పీల్చే ఫిల్టర్ పెట్టుకోవడం, సిలికా జెల్ రంగు మారగానే మార్చడం, కొద్దిసేపు నింపి ఆగి పంపును చల్లారనివ్వడం ఇక్కడ తప్పనిసరి.

తిరనాళ్లలోనూ మంగినపూడి బీచ్‌లోనూ బెలూన్లు కొట్టించే తుపాకుల కథ వేరు. వాటిలో గాలి నిల్వ ఉండదు. గొట్టం వంచినప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ దూకి అప్పటికప్పుడు గాలిని కుదిస్తుంది. కాబట్టి రాత్రికి రాత్రి కారిపోయేదేమీ లేదు, దెబ్బలో చేవ మాత్రం తగ్గుతుంది. పాత తుపాకుల్లో పిస్టన్ తలకు తోలు వాషర్ ఉంటుంది. అది ఎండి బిర్రబిగుస్తే గాలి పక్క నుంచి జారుకుంటుంది. బోరింగు పంపులకు తోలు వాషర్లు కోసిన పాత మేస్త్రీలు ఉంటే వాళ్లకు ఈ పని కొత్త కాదు. పైన మిషను నూనె పోస్తే మాత్రం ప్రమాదం. కుదింపు వేడికి ఆ నూనె డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుని స్ప్రింగును విరగ్గొడుతుంది. తగిన సిలికాన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు. స్ప్రింగును బిగింపు సాధనం లేకుండా విప్పడం కూడా ఎవరూ చేయకూడదు.

తోలు వాషర్ల బాధ పాతదే. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరాండోని గాలి తుపాకీకి మడమలోనే గాలి తిత్తి ఉండేది, ఒకసారి ఇరవై గుండ్లు పట్టేది. ఆ తోలు ఎండకుండా తడుపుతూ ఉండాల్సి వచ్చేది. అమెరికాలో లూయిస్, క్లార్క్ బృందం పడమటి అడవుల్లోకి తీసుకెళ్లిన గాలి తుపాకీ కూడా ఆ రకానిదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1805 జూన్‌లో మిస్సోరి నది ఒడ్డున దాని ప్రధాన స్ప్రింగు మార్చి పని చేయించింది బృందంలోని జాన్ షీల్డ్స్ అనే కమ్మరి. తుపాకులు తయారుచేసేవారు వేల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు, దగ్గరలో ఉన్న లోహపు పనివాడే దిక్కయ్యాడు.

మన ఆటోనగర్‌నూ అలాగే నమ్ముకోవచ్చు గాని మూడు చోట్ల గీత గీయాలి. సిలిండర్ ఒంటిని ఎవరూ ముట్టకూడదు. వెల్డింగ్, లేత్ పని, గీతలు నునుపు చేయడం ఏదీ వద్దు. దాని మీద తేదీ ఉంటుంది, కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తాయి, అది దాటితే కొత్తది కొనడమే. గడువు లోపలే ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లోనే ఉంది. రెండోది, వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ చేతికందేలా ఉంది కదా అని దానితో నింపించకూడదు. అధిక పీడన ఆక్సిజన్‌కు లోపలున్న కాస్త గ్రీజు తగిలితే పేలుడే. మూడోది చట్టం. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు మినహాయింపు. బాగుచేసే పేరుతో ఎవరైనా "పవర్ పెంచుతాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెగ్యులేటర్, ఫైరింగ్ వాల్వు జోలికి మాత్రం కంపెనీ శిక్షణ పొందిన సాంకేతికుడే వెళ్లాలి. పెద్ద పోటీలకు తయారీదారుల మనుషులు వస్తుంటారు, హైదరాబాద్ షూటింగ్ అకాడమీల్లో అడిగితే దారి దొరుకుతుంది. అప్పుడు మీ చీటీ మీది అంకెలు, లీకు ఎక్కడుందో తేల్చుకున్న వివరం చూపించండి. వాళ్లకు గంటలు కలిసొస్తాయి.

షూటింగ్ నేర్పే క్లబ్బులకు ఒక విన్నపం. మీ దగ్గరున్న రైఫిళ్ల ఓ-రింగుల కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఒక్కో సైజువి నాలుగేసి కొని డబ్బాలో ఉంచండి. తల్లిదండ్రులు ఈ రాత్రే పిల్లల సిలిండర్ తిప్పి దాని మీది తేదీ చదవండి.